దాచుకున్న రోజులు

ఏ పని ఎప్పటికి కావాలో ఇప్పుడు మీ జేబులోని ఫోనే గుర్తు చేస్తుంది. మీరు దాన్ని వేలితో పక్కకు తోసేస్తారు. మొన్న మా మనవరాలు అలాగే తోసేసి, "ఇంకా టైముందిలే అమ్మమ్మా, ఇది ఎప్పుడూ ముందే మోగుతుంది" అంది. ఆ మాటకు నాకు 1986 మే నెల గుర్తొచ్చింది. ఇసుక గుంటలో చల్లారని ఒక ఇనప చక్రం, దాని మీద కూర్చున్న ఒక మనిషి గుర్తొచ్చారు.

భిలాయి అనగానే అందరూ ఉక్కు కర్మాగారమే అనుకుంటారు. మా ఆయన ఉద్యోగం అందులోనే. నాది మాత్రం ఊరి అంచున, చిన్న కార్ఖానాల వాడలో ఉన్న ఒక పోత కర్మాగారంలో. ఫౌండ్రీ అనేవాళ్ళం. ఇనుము కరిగించి ఇసుక అచ్చుల్లో పోసి చక్రాలు, గేర్లు, మూతలు తయారు చేసేవాళ్ళం. నేను ప్లానింగు గుమస్తాని. ఏ పోత ఎవరిది, ఎప్పటికి ఇవ్వాలి, ఇవాళ ఏ దశలో ఉంది అన్నది చూసుకోవడం నా పని. కొన్ని సంవత్సరాలపాటు ఆ పనంతా షెడ్డు గోడకున్న నల్లబోర్డు మీదే జరిగింది.

ఆ బోర్డుకు ఒక ఆచారం ఉండేది. నేను చేరేనాటికే ఉంది. యజమాని, అంటే సేఠ్‌జీ, కొత్త పని రాగానే తేదీ వేసి ఒక చీటీ నాకు పంపేవారు. ఖాతాదారుడి ఉత్తరం ఆయన సొరుగులోనే ఉండేది. చీటీలో పద్దెనిమిది అని ఉంటే నేను బోర్డు మీద పద్నాలుగు రాయాలి. నాలుగు రోజులు జాగ్రత్త కోసం. ఆ నాలుగు రోజుల సంగతి షెడ్డులో అందరికీ తెలుసు. పద్నాలుగు అని చదివి పద్దెనిమిది అనుకుని పని చేసేవాళ్ళు. ఎవరూ ఎవరికీ అబద్ధం చెప్పినట్టు కాదు, నిజం చెప్పినట్టూ కాదు. నాకది నచ్చేది కాదు. తేదీ అంటే తేదీలా ఉండాలని నా పట్టు. కానీ పని జరిగిపోతున్నంత కాలం గుమస్తా పట్టును ఎవరు పట్టించుకుంటారు?

అచ్చుల విభాగం ఫోర్‌మన్ శ్రీకాకుళం వైపువాడు. మాది విజయనగరం. ఆ పక్క నుంచి వచ్చినవాళ్ళం కాబట్టి నన్ను చెల్లెమ్మా అనేవాడు, నేను అన్నయ్యా అనేదాన్ని. అచ్చు కట్టడంలో అంత నేర్పరి ఆ వాడలోనే లేడు. అంత మొండివాడూ లేడు.

ఆ ఏడాది మొదట్లో సేఠ్‌జీ ఒక కంప్యూటరు కొన్నారు. దానితోపాటు ఒక ఇంజనీరునూ పెట్టుకున్నారు. అతను మన తెలుగు కుర్రాడే. భిలాయిలోనే, మరోదా బస్తీలో పుట్టి పెరిగాడు, నాగపూర్‌లో చదివాడు. తెలుగు మాట్లాడితే సగం హిందీ పడేది. నన్ను దీదీ అనేవాడు.

అతను తెచ్చిన ప్రోగ్రాం చాలా సాదా. నల్ల తెర మీద ఆకుపచ్చ అక్షరాలు, బొమ్మలూ గీతలూ ఏమీ లేవు. ఒక్కో పనికి ఒక్కో వరుస: పని పేరు, మనిషి పేరు, చివరి తేదీ. తేదీని ఎలా చూపించాలన్నది మాత్రం మన ఇష్టం. దానికి వేరే ఒక చిన్న ఫైలు ఉండేది. గడువుకు ఎన్ని రోజుల ముందు నుంచి పని తెర మీద కనపడాలి, మిగిలిన రోజుల్ని ఏ మాటల్లో చెప్పాలి, గడువు దాటితే ఏం చేయాలి అన్నవి అందులో రాసుకోవాలి. మేమిద్దరం వారం రోజులు దానితోనే కుస్తీ పట్టాం.

మొదట అన్ని పనుల్నీ రెండు వారాల ముందు నుంచే చూపించమన్నాం. తెర నిండిపోయింది. నిండిన తెరను ఎవరూ చదవరు. చిన్న పనులు వారం ముందు, పెద్ద పోతలు మూడు వారాల ముందు కనపడేలా మార్చాను. "డేస్ లెఫ్ట్" అంటే షెడ్డులో సగం మందికి ఎక్కదని, ఇంగ్లీషు అక్షరాల్లోనే "ఇన్ని దిన్ బాకీ" అని వచ్చేలా చేశాను. తేదీ మీద ఆ నాలుగు రోజులు కూడా దాటిన పని అన్నిటికన్నా పైకి వెళ్ళి, మనిషి పేరు పక్కన ఒక చుక్క పడేలా చేసినవాడు మాత్రం ఇంజనీరు. సేఠ్‌జీకి ఆ చుక్క తెగ నచ్చింది. రోజూ పొద్దున చాయ్ గ్లాసు పట్టుకుని వచ్చి తెర ముందు నిలబడేవారు. "ఆజ్ కిత్‌నే తారే?" అని అడిగేవారు. ఇవాళ ఎన్ని చుక్కలు అని.

ఏప్రిల్‌లో మా ఫోర్‌మన్‌కు రెండు చుక్కలు పడ్డాయి. నిజానికి రెండుసార్లూ ఇసుకే పాడు, మనిషి తప్పేం లేదు. సేఠ్‌జీ వినలేదు. అందరి ముందూ చెప్పారు, మూడో చుక్క పడితే ఉద్యోగం పోతుంది, కంపెనీ క్వార్టరు ఖాళీ చేయాలి అని.

ఇంజనీరు ఇంకో మాట అన్నాడు. "దీదీ, ఆ నాలుగు రోజుల నాటకం కంప్యూటర్‌లో వద్దు. అసలు తేదీయే పెడదాం. మిషన్ ఝూట్ బోల్తే ఎవరు నమ్ముతారు?"

నాకు పండగలా అనిపించింది. నేను ఎన్నాళ్ళుగానో అడుగుతున్నది అదే. మే మొదటి తారీఖు నుంచి తెర మీద చీటీలోని తేదీయే వస్తుందని, అది దాటగానే చుక్క పడుతుందని హిందీలో, తెలుగులో నోటీసు రాసి షెడ్డులో అంటించాను. ఫోర్‌మన్‌కు విడిగా కూడా చెప్పాను.

"అన్నయ్యా, ఇకనుంచి తెర మీద ఉన్నదే అసలు తేదీ. నాలుగు రోజులు లేవు."

"అలాగే చెల్లెమ్మా."

"నిజంగా చెబుతున్నాను."

"నువ్వెప్పుడు అబద్ధం తేదీ సెప్పావు గనక!" అని ఆయన పక్కనున్నవాడి వైపు చూసి కన్ను గీటాడు.

నేను దాన్ని సరదా అనుకున్నాను. నోటీసు అంటించాక ఇక అనుమానానికి చోటెక్కడుందని నా ధీమా.

ఆ నెలలోనే నందిని సున్నపురాయి గనుల నుంచి ఒక పని వచ్చింది. రాళ్ళు పిండిచేసే క్రషర్‌కు పెద్ద ఫ్లైవీల్, అంటే మనిషి ఎత్తును మించిన ఇనప చక్రం. పాతదాని నడిమి బెజ్జం అరిగిపోయి ఊగుతూ తిరుగుతోందట. చీటీలో పద్దెనిమిది అని ఉంది. తెర మీద కూడా పద్దెనిమిదే పెట్టాను.

అంత పెద్ద పోత పోశాక వారం రోజులు ఇసుకలోనే ఉండాలి. పైభాగం ముందు చల్లారుతుంది, లోపలి మందం తరువాత చల్లారుతుంది. తొందరపడి ఇసుక తీసేస్తే లోపల సన్నని చీలిక పడుతుంది. కంటికి కనపడదు. చక్రం వేగంగా తిరిగేటప్పుడు ఏదో ఒకరోజు అక్కడే విరుగుతుంది. ఇసుక తీశాక బెజ్జం తొలిచి నున్నగా చేయడానికి ఇంకో రెండు రోజులు. అంటే పద్దెనిమిదికి ఇవ్వాలంటే తొమ్మిదో తారీఖుకల్లా ఇనుము పోసేయాలి.

తొమ్మిది దాటింది. పది కూడా దాటింది. అచ్చు ఇంకా కడుతూనే ఉన్నారు. అడిగితే "లెక్కలోనే ఉన్నాను చెల్లెమ్మా" అన్నాడు. పదమూడున పోశారు. ఆ సాయంత్రం తెర మీద "5 దిన్ బాకీ" అని వచ్చింది. నేను గుంట దగ్గరికి వెళ్ళాను.

"అన్నయ్యా, పద్దెనిమిదికి ఎలా ఇస్తావు?"

"పద్దెనిమిదేటి? ఇరవై రెండు కదా. ఇరవైకి ఇసక తీత్తాను, రెండ్రోజులు తొలిపిత్తాను, ఇరవై రెండు సాయంత్రానికి లారీ ఎక్కిత్తాను. సరిగ్గా సరిపోయింది."

"నోటీసు చదవలేదా?"

"సదివాను. ఈసారి కొత్తగా నోటీసు కూడా పెట్టారే అనుకున్నాను."

ఆయన నవ్వుతూనే నా ముఖం చూశాడు. నవ్వు ఆగిపోయింది. చేతిలోని తువ్వాలు మడతపెట్టి మళ్ళీ విప్పాడు.

"నిజంగానేటి?"

"నిజంగానే."

"అమ్మ బాబోయ్" అన్నాడు మెల్లగా. "మరి గట్టిగా సెప్పాలి కదమ్మా!"

ఇంకెంత గట్టిగా చెప్పాలో నాకిప్పటికీ తెలియదు. ఏళ్ళ తరబడి ముందుకు జరిపిన తేదీలు చూసి చూసి, ఇది అసలు తేదీ అన్న మాటను కూడా వాళ్ళు అందులో భాగంగానే తీసుకున్నారు.

పదిహేనో తారీఖు పొద్దున సేఠ్‌జీ తెర ముందు నిలబడ్డారు. "3 దిన్ బాకీ" అని ఉంది. చక్రం ఎక్కడిదాకా వచ్చిందని అడిగారు. ఇసుకలో ఉందన్నాను. ఆయన గ్లాసు బల్ల మీద పెట్టేశారు.

"రెండింటికి బి షిఫ్ట్ రాగానే ఇసుక తీయించండి. ఫ్యాన్లు పెట్టండి. రేపటినుంచి తొలిచే పని."

"సేఠ్‌జీ, రెండు రోజులే అయింది. లోపల ఇంకా…"

"మూడో తారా పడితే ఏమవుతుందో మీ అన్నయ్యకు తెలుసు" అని వెళ్ళిపోయారు.

ఆ కబురు నేనే మోసుకెళ్ళాను. ఫోర్‌మన్ వంగి ఇసుక మీద అరచెయ్యి పెట్టి చూశాడు.

"తీత్తే బయటికి బాగానే కనపడుద్ది చెల్లెమ్మా. సేఠ్‌కీ కనపడదు, గనోళ్ళకీ కనపడదు. నాకొక్కడికే తెలుస్తాది." గుంట వైపు చూశాడు. "తీయకపోతే క్వార్టరు పోద్ది. ఇంటిదానికి ఏటని సెప్పను?"

"రెండింటి వరకూ ఏమీ చేయకు. నేను గనికి వెళ్ళి అడుగుతాను."

"ఏటని?"

"వాళ్ళకు నిజంగా ఎప్పుడు కావాలో."

"ఎవరైనా సెప్తారేటి అది?"

ఫోన్‌లో ఎవరూ చెప్పరని నాకూ తెలుసు. ఇంజనీరు స్కూటరు తీశాడు. నేను తలకు తడి తువ్వాలు చుట్టుకుని వెనక కూర్చున్నాను. మే ఎండ. నందిని దారిలో సున్నపురాయి లారీలు లేపిన దుమ్ముకు ఇద్దరం తెల్లగా అయిపోయాం. దారంతా అతను ఒకటే మాట. "దీదీ, ప్రోగ్రాం సహీ హై నా? తప్పు ప్రోగ్రాంది కాదు కదా?" తప్పెవరిదో తరువాత చూద్దాం, ముందు గోతులు చూసి నడపమన్నాను.

గనిలో యంత్రాల బాధ్యత చూసే పెద్దాయన నోట్లో పాన్‌తో కూర్చున్నారు. హిందీ మనిషి. మమ్మల్ని చూసి, "క్యా బహన్‌జీ, చక్రం నెత్తిన పెట్టుకుని తెచ్చారా?" అన్నారు.

"తేలేదు సాబ్. మీకు ఎప్పటికి కావాలో అడుగుదామని వచ్చాం."

"ఆర్డర్లో రాశానుగా. ఇరవై."

ఇంజనీరు నోరు తెరవబోయాడు. నేను అతని చెప్పు తొక్కాను. మా చీటీలో ఉన్నది పద్దెనిమిది. అసలు తేదీ అని నోటీసు రాసి, రెండు భాషల్లో అంటించి, నేను తెర మీద పెట్టిన తేదీ సేఠ్‌జీ ముందే రెండు రోజులు కోసి ఇచ్చినదన్నమాట. కుర్చీ ఇవ్వకముందే కూర్చున్నాను.

"మీరు రాసింది ఇరవై. నిజంగా ఎప్పుడు కావాలి సాబ్?"

ఆయన పెద్దగా నవ్వారు. "వాహ్! ఈ ప్రశ్న నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఆలస్యం చేస్తారు, ఏడుస్తారు, సాకులు చెబుతారు. ఇలా ఎవరూ అడగరు. ఇరవై అంటే ఇరవై."

"ఇరవైకి ఇవ్వాలంటే చల్లారకముందే ఇసుక తీసేయాలి. వేడి మీద తీసిన చక్రం ఇస్తాం. చల్లారనిస్తే ఇరవై రెండు సాయంత్రం బయలుదేరుతుంది. ఏది పంపమంటారు?"

ఆయన పాన్ నమలడం ఆపారు. కిటికీలోంచి క్రషర్ కనపడుతోంది. పాత చక్రం ఊగుతూ తిరుగుతోంది. దాని పక్కనే తలకు గుడ్డ కట్టుకున్న ఒక మనిషి నూనె డబ్బాతో నిలబడి ఉన్నాడు. చక్రానికీ అతనికీ మధ్య ఒక ఇనప కమ్మీ తప్ప ఏమీ లేదు.

"వాడు రోజంతా అక్కడే నిలబడతాడు" అన్నారు ఆయన. లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చారు. "ఇరవై మూడు పొద్దున. బేరింగులు అంతకుముందు నాకెలాగూ రావు."

"ఒక ముక్క రాసిస్తే…"

"కాగితం మీద ఇరవయ్యే! నేను మూడు రోజులు దాచుకున్నానని మా పై సాబ్‌కు తెలిస్తే, రేపటినుంచి నా ప్రతి తేదీలో మూడు కోసేస్తాడు. మీరు అడగలేదు, నేను చెప్పలేదు. చాయ్ తాగండి."

చాయ్ తాగలేదు. వెనక్కి వచ్చేసరికి రెండింటి సైరను మోగిపోయింది. గేటు దగ్గరే స్కూటరు దిగి షెడ్డులోకి పరుగెత్తాను. పరుగెత్తే వయసు అప్పటికే దాటాను.

గుంట చుట్టూ బి షిఫ్ట్ వాళ్ళంతా పారలు పట్టుకుని నిలబడ్డారు. నాలుగు పెద్ద ఫ్యాన్లు తెచ్చిపెట్టారు. సేఠ్‌జీ అరుస్తున్నారు. ఫోర్‌మన్ గుంట నడుమ, ఇసుక మీద గోనె పట్టా మడిచి వేసుకుని, దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"లేస్తావా లేదా?"

"లేవలేను సేఠ్‌జీ."

"ఎందుకు?"

"మీరూ వచ్చి కూకోండి, తెలుస్తాది. గోనెలోంచి వంట్లోకి వచ్చేత్తంది వేడి. దీన్ని నేను తీయను. సుక్క పెట్టుకోండి, క్వార్టరు తాళం ఇచ్చేత్తాను. తీసేవోడిని తెచ్చుకోండి."

పారలు పట్టుకున్నవాళ్ళలో ఒక్కరూ కదలలేదు. సేఠ్‌జీ ముఖం ఎర్రబడింది. అప్పుడు నన్ను చూశారు. ఒక్క మాట లోపల మాట్లాడాలన్నాను.

గదిలో తెర వెలుగుతూనే ఉంది. చక్రం వరుసలో పద్దెనిమిది, "3 దిన్ బాకీ". నేను తలుపు వేశాను.

"సేఠ్‌జీ, గనివాళ్ళకు ఇరవై మూడు పొద్దునకు అందితే చాలు."

"కాగితం ఉందా?"

"లేదు."

"కాగితం లేని మాట నేను నమ్మాలా?"

"కాగితం మీద వాళ్ళు ఇరవై అని రాశారట."

ఆయన నా వైపు చూడలేదు. తెర మీది పద్దెనిమిది వైపు చూశారు. పైన ఫ్యాను తిరుగుతోంది. ఆ రెండు రోజుల గురించి ఆయనేమీ అనలేదు, నేనూ అడగలేదు. మూలనున్న తన సొరుగు వైపు ఒకసారి చూసి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఇంకెవరికి తెలుసు?"

"నాకూ, స్కూటరు నడిపిన అతనికీ."

చాలాసేపు వేళ్ళతో బల్ల మీద కొట్టారు. "ఇరవై మూడు దాటితే?"

"దాటితే ఫోర్‌మన్ పక్కన చుక్క వద్దు, నా పేరు పక్కన పెట్టండి."

"మీ పేరు తెర మీద లేదుగా."

"ఇప్పుడే పెడతాను" అన్నాను. ఆయన చూస్తుండగానే ఫోర్‌మన్ పేరు తీసేసి నా పేరు కొట్టాను. తేదీ మార్చాను. నా పేరే రెండుసార్లు తప్పు పడింది. ఆయన లేచి బయటికి వెళ్ళి ఫ్యాన్లు తీసేయమన్నారు. కారణం ఎవరికీ చెప్పలేదు.

ఆ తరువాతి రోజులు నాకు అన్నం సహించలేదు. ఇసుకలో ఉన్నది చెడిపోయి ఉంటే? గని పెద్దాయన మాట మారిస్తే? రోజూ పొద్దున తెర తెరిస్తే బాకీ దినాలు ఒక్కొక్కటే తగ్గేవి, పక్కన నా పేరు. అంతవరకూ ఇతరుల పేర్లు అలా పెట్టినప్పుడు వాళ్ళకెలా ఉంటుందో నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఇరవైన ఇసుక తీశారు. చక్రాన్ని క్రేనుతో పైకెత్తి గాలిలో వేలాడదీశారు. ఫోర్‌మన్ చిన్న సుత్తి తీసుకుని అంచు చుట్టూ నడుస్తూ కొట్టాడు. చీలిక ఉంటే పగిలిన కుండలా బొంగురుగా మోగుతుంది. ప్రతి దెబ్బకూ గంట కొట్టినట్టు మోగింది. ఫోర్‌మన్ సుత్తి కింద పెట్టి నా వైపు చూసి, "ఇంటికెళ్ళి అన్నం తిను చెల్లెమ్మా" అన్నాడు.

ఇరవై రెండు సాయంత్రం లారీ వెళ్ళింది.

తరువాత నేనూ ఇంజనీరూ మళ్ళీ ఆ చిన్న ఫైలు ముందు కూర్చున్నాం. ఎప్పటిలోగా పూర్తి కావాలన్నదే దానికి చెప్పాం కానీ, ఎప్పటిదాకా ముట్టుకోకూడదన్నది ఎక్కడా చెప్పలేదు. పెద్ద పోతలకు రెండు మార్పులు చేశాం. పోయకముందైతే, సరుకు ఇవ్వాల్సిన తేదీ బదులు ఇనుము పోయడానికి ఆఖరి రోజు కనపడుతుంది. పోశాక బాకీ దినాలు మాయమై, ఇసుక తీయాల్సిన రోజు వచ్చేదాకా ఒకటే మాట వస్తుంది: "మత్ ఖోలో". తెరవకండి. సేఠ్‌జీ మొదటిసారి చూసి, "ఈ డబ్బా నాకే ఆజ్ఞలిస్తోందా?" అన్నారు. కానీ తీసేయమనలేదు.

ఆ తరువాత చీటీల్లో ఎన్ని రోజులు కోసి ఇచ్చేవారో నాకు తెలియదు. నేను అడగలేదు. తెర మీద ఉన్నది అసలు తేదీ అని మళ్ళీ ఎప్పుడూ నోటీసు అంటించలేదు కూడా.

మూడేళ్ళకు ఫోర్‌మన్ రిటైరయ్యాడు. మూడో చుక్క పడలేదు. ఆఖరి రోజు మెడలో దండతోనే నా గదికి వచ్చి, తెర ముందు కుర్చీలో కూర్చున్నాడు.

"చెల్లెమ్మా, ఇంక నాకు పని లేదు. ఇప్పుడైనా నిజం సెప్పు. ఆ సక్రం కాడ నువ్వు ఎన్ని రోజులు దాసేవు?"

"ఏమీ దాచలేదన్నయ్యా. ఒక్కరోజు కూడా."

"సర్లే. ఎవరికీ సెప్పను. ఎన్ని?"

నేను ఆయన ముఖం చూశాను. ముప్పై ఏళ్ళు ఇసుకలో చేతులు పెట్టిన మనిషి, నిజం కోసం నా నోటి వైపు చూస్తున్నాడు. నా దగ్గర ఉన్న నిజాన్ని ఆయన ఎప్పటికీ నమ్మడు.

"రెండు" అన్నాను.

ఆయన తృప్తిగా తల ఊపాడు. "నేను మూడనుకున్నాను" అని దండ సర్దుకుని లేచాడు.